ఏడో ముడి

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని కింది దేశాల వాళ్లు చెప్పుకుంటారు. శీతలగిరి రాజ్యంలో ఆ సామెత లేదు. అక్కడ రోలు పగిలితే మంచుకే పగలాలి. అలాంటి చలికొండల నుంచి దిగివచ్చిన మూడు వందల మంది సైనికులు, ఆ మిట్టమధ్యాహ్నం, చెట్టన్నది లేని ఊషర మైదానంలో నిలబడి, తోటి సైనికుడొకడు చలితో వణుకుతున్నాడని నిప్పుల కుంపటి రాజేస్తున్నారు!

వణికేవాడి పేరు గుండన. వాడికి వచ్చింది చలిజ్వరం కాదు, వడదెబ్బ. కాని వడదెబ్బ అన్న మాటే కొండవాళ్లు ఎన్నడూ విని ఎరుగరు. వాళ్లకు తెలిసిన వణుకు ఒక్కటే, దానికి తెలిసిన మందూ ఒక్కటే. నాలుగు గొంగళ్లు కప్పారు. కుంపటిని పక్కలోకి జరిపారు. గుండన రెండుసార్లు వాళ్లమ్మను పిలిచాడు. మూడోసారి పిలవలేదు.

ప్రచండ మార్తాండుడు నడినెత్తిన నిలిచి తన వేయి కిరణాలనూ ఒక్కసారే సంధించినట్టుంది ఆకాశం. నేల నుంచి లేచే సెగకు దిక్కులే వణుకుతున్నాయి. రెండు క్రోసుల దూరాన, వెండి రేకులు పరిచినట్టు మెరిసే ఉప్పుమడుల నడుమ, సైకతదుర్గం బురుజులు ఏడూ ఎండమావుల మీద నేలను తాకకుండా తేలుతున్నట్టున్నాయి. పగడాల రంగు గోడలు, ముత్యాల రంగు శిఖరాలు, నట్టనడిమి బురుజు మీద నిలువెత్తు నల్ల శంఖం. చూడడానికి ఇంద్రభవనమే. అందులో కాపురమున్నవాడు మాత్రం లవణదంష్ట్రుడనే మాంత్రికుడు. ఉప్పుమడులను ఆక్రమించి, కొండలకు ఉప్పు దారి మూసేసినవాడు వాడే. అయిదు నెలలుగా శీతలగిరిలో రాజుగారి విస్తట్లో కూడా చప్పిడి కూరే. ఆ దారి తెరవడానికే ఈ సైన్యం దిగింది.

గుండన ముఖం మీదికి గొంగడి లాగుతున్న సైనికుల వెనక నిలబడి ఒకడు పళ్లు బిగబట్టి ఏడుస్తున్నాడు. సైన్యంలో వాడి పేరు పుల్లన. అసలు పేరు మైలారుడు. వాడు కొండవాడు కాదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఈ ఎండలోనే ఉప్పు మోసినవాడు. గుండనకు వచ్చినది ఏమిటో, దాన్ని ఎలా దింపాలో వాడికి చంటిపిల్లకు పాలు తాగడం తెలిసినంత బాగా తెలుసు. అయినా నోరు విప్పలేదు. విప్పి ఉంటే గుండన బతికేవాడు. ఆ సంగతి వాడి గుండెలో ముల్లులా దిగింది.

ఎందుకు విప్పలేదంటే, దానికో కథ ఉంది.

శీతలగిరి మూలపురుషుడు హిమవర్మ కాలంలో ఒకసారి సైనికులు చలిమంట దగ్గర అంగీలు విప్పి ఆరబెట్టుకుంటుండగా శత్రువు విరుచుకుపడ్డాడట. అంగీలు వదిలి పారిపోయిన వాళ్లు మంచులో బిగుసుకుపోయారట. ఆనాడు పుట్టింది ఏడు ముళ్ల శాసనం. మేకకొవ్వు పట్టించిన దళసరి నల్ల ఉన్ని అంగీ, దానికి నడుము నుంచి గొంతు దాకా ఏడు తాళ్లు, ఏడు ముళ్లు. గడ్డం కింద పడే ఏడో ముడి మీద సేనాపతి లక్క కరిగించి పోసి రాజముద్ర వేస్తాడు. నెత్తిన ఇనుప టోపీ. తిండైనా నిద్రైనా అందులోనే. రాజుగారి విజయపత్రం వచ్చేదాకా ఆ ముద్ర పగలకూడదు. పగలగొట్టినవాడి తల అక్కడికక్కడే తీయాలి. మంచి శాసనమే. ఎటొచ్చీ దానికి ఎండ సంగతి తెలియదు.

ఆ శాసనానికి ఒక తోక కూడా ఉంది. పరదేశి ఎవడైనా కొండసైన్యపు అంగీ తొడిగితే వాడికీ మరణమే. వడదెబ్బ సంగతి నోరు విప్పి చెప్పిన మరుక్షణం "ఓరీ, నీకెలా తెలుసురా?" అని అడుగుతారు. అప్పుడు మైలారుడి తల పోతుంది. తల పోతే పోనీ అని వాడు ఎప్పుడో అనుకున్నాడు. కాని తలతోపాటు చెంగలి కూడా పోతుంది.

చెంగలి వాడి భార్య. పోయిన చలికాలంలో నలభై ఒక్క మంది ఉప్పుమోతగాళ్లు గాడిదలతో ఈ మడుల మీదుగా వస్తుంటే, లవణదంష్ట్రుడు నల్ల శంఖం ఊదాడు. అందరూ నిలుచున్నవాళ్లు నిలుచున్నట్టే ఉప్పుబొమ్మలైపోయారు. కుంటిన గాడిద కోసం వెనక్కి వెళ్లిన మైలారుడు ఒక్కడే మిగిలాడు. శంఖం పగిలితే వాళ్లు మళ్లీ మనుషులవుతారు. కోట తలుపులు బద్దలు కాకుండా శంఖం అందదు. తలుపులు బద్దలు కొట్టడానికి సైన్యం కావాలి. అందుకే కొండవాణ్ణని అబద్ధమాడి ఈ సైన్యంలో చేరాడు.

గడువు కూడా ఎంతో లేదు. తొలకరి చినుకు పడేలోగా పని కావాలి. ఉప్పుబొమ్మ వానలో ఎంతసేపు నిలుస్తుంది? మృగశిర కార్తెకు ఇక నాలుగే రోజులు. సైన్యమంతా "వాన కురిపించు తండ్రీ" అని ఆకాశానికి దండం పెడుతుంటే, వాడొక్కడు "ఇంకొన్నాళ్లు మండించు స్వామీ" అని మొక్కుతున్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!

"కదలండి! గడ్డాలు పైకెత్తండి!"

ఆ కేక కళింజుడిది. వస్త్రపాలకుడు, అంటే సైనికుల వేషం శాసనం ప్రకారం ఉందో లేదో చూసే అధికారి. ఈ ఏడే కొలువులో చేరాడు. పొడుగాటి వెండి బెత్తంతో వరసవెంబడి వెళుతూ, ఒక్కొక్కరి గొంతు కింద లక్కముద్రను తాకి చూస్తాడు. మనిషి చచ్చాడా బతికాడా అన్నది ఆయనకు అక్కర్లేదు. ముద్ర ఉందా లేదా అన్నదే కావాలి.

మైలారుడి పక్కన నిలబడ్డ బిక్కన అనే సైనికుడు గొణిగాడు. "గుండన గాడు పోయినాడు గాని, చూడు, వాడి ముద్ర మాత్రం భద్రంగా ఉందిరా పుల్లనా. సొరగంలో లోపలికి రానిస్తారులే."

బిక్కన ఎంత కష్టంలోనైనా ఏదో ఒకటి అనకుండా ఉండలేడు. ఇవాళ మాత్రం అనేసి తనే కళ్లు తుడుచుకున్నాడు.

కళింజుడు వాళ్లను దాటి ముందుకు వెళ్లాడు. మైలారుడి చూపు ఆయన వీపు మీద పడి ఆగిపోయింది. ఏదో తేడాగా ఉంది. ఆ తేడా ఏమిటో అందేలోగా ముందు వరసలో కలకలం రేగింది.

సేనాపతి తుషారసింహుడు అరవై ఏళ్లవాడు. గుర్రం ఉండి కూడా, సైనికులు నడుస్తున్నారని తనూ నడిచే మనిషి. రెండు రోజులుగా తన వంతు నీళ్లలో సగం రోగులకు పోయిస్తున్నాడు. ఆయన ఇప్పుడు చెయ్యెత్తి అందరినీ ఆపి గంభీరంగా అన్నాడు.

"మంచు బాగా పడుతోంది. గుర్రాల కాళ్లకు గోనెలు చుట్టండి."

సైనికులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సేనాపతి ముఖం కాల్చిన ఇటుకలా ఎర్రగా ఉంది. అంతవరకూ కారిన చెమట ఆరిపోయింది. ఆయన ఇంకో అడుగు వేసి, నరికిన మానులా నేల మీద పడ్డాడు. ఒళ్లంతా వణుకు పట్టుకుంది.

కళింజుడు పరుగున వచ్చాడు. "చలిజ్వరం! గొంగళ్లు తెండి. కుంపటి ఇటు జరపండి. ఊఁ, త్వరగా!"

నలుగురు గొంగళ్లతో కదిలారు. మైలారుడి కాళ్లు వాడి మాట వినకుండానే ముందుకు నడిచాయి. తన ఎదుటే ఒకడు ఊరికే పోయాడు. రెండోవాడు కూడా పోతే ఇక చెంగలి బతికినా ఆమె ముఖంలోకి చూడలేననిపించింది వాడికి. పైగా సేనాపతి లేని సైన్యం కోట దాకా వెళ్లేదీ లేదు, తలుపు తట్టేదీ లేదు.

"ఆగండి!" అని అరిచి కుంపటిని కాలితో తన్నేశాడు. నిప్పులు చెదిరిపోయాయి.

నీళ్లతిత్తి లాక్కుని సేనాపతి ఛాతీ మీద కుమ్మరించాడు. ఒక్క చుక్క ఇంకలేదు. కొవ్వు పట్టించిన ఆ ఉన్ని మీది నుంచి నీళ్లు తామరాకు మీదివి జారినట్టు జారి నేలపాలయ్యాయి. ఎన్నేళ్లు మంచు కురిసినా లోపలికి తడి రానివ్వని అంగీ అది. చల్లదనాన్ని కూడా రానివ్వదు.

ఇక దారి ఒక్కటే. మైలారుడు మొలలోని కత్తి తీసి సేనాపతి గొంతు కింద పెట్టాడు. ముడి విప్పే ఓపిక గాని వ్యవధి గాని లేవు. తాడును మొదలంటా కోసి పారేశాడు. లక్కముద్ర ముక్కలై రాలింది.

"ద్రోహి!" కళింజుడి గొంతు కీచుమంది. "రాజముద్ర కోశాడు! నరకండి వాణ్ణి!"

బిక్కన తన ఈటె అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఎందుకు పెట్టాడో వాడికే తెలియదు. "ఒరే పుల్లనా, నీకేమన్నా మతి పోయిందంట్రా? ఏం చేస్తున్నావో చెప్పి చెయ్యరా నాయనా!"

"చెప్తా అన్నా. ముందు ఆ గొంగళ్లు ఈటెల మీద వేసి పందిరి కట్టించు. కప్పితే చంపేవి, పైన కడితే నీడనిస్తాయి. ఒక్క ఘడియ. ఒక్క ఘడియలో సేనాపతి లేవకపోతే నా మెడ నేనే నీకు వంచి ఇస్తా."

ఒక్క ఘడియేగా అనుకున్నారో, కత్తి ఎత్తే ఓపిక లేకనో, సైనికులు కళింజుడి మాట వినలేదు. పందిరి లేచింది. మైలారుడు మిగతా ఆరు ముళ్లూ విప్పి అంగీ తీసేశాడు. కాలుతున్న ఇనుప టోపీ ఊడదీశాడు. తన అంగీ అడుగున మొలకు చుట్టుకున్న నూలుగుడ్డ చింపి తడిపి, సేనాపతి మెడకూ చంకలకూ తొడల సందుకూ చుట్టాడు. డాళ్లతో విసరమన్నాడు. నెరిసిన మీసాల ముసలాయన వణుకు మెల్లగా తగ్గింది. కళ్లు మాత్రం తెరవలేదు.

"గంజి ఉందా?"

"ఉంది. చప్పిడి గంజి," అన్నాడు బిక్కన. "ఉప్పెక్కడిదిరా మనకు?"

మైలారుడు మొలతాటికి కట్టుకున్న చిన్న గుడ్డమూట తీశాడు. ప్రయాణానికి బయలుదేరేటప్పుడు ఉప్పుమోతగాడికి భార్య చిటికెడు కల్లుప్పు మూటకట్టి ఇస్తుంది. దారిలో ఎంత కష్టమొచ్చినా దాన్ని ముట్టకూడదు. ఇల్లు చేరాక మొదటి కూరలో ఆ ఉప్పే వేయాలి. చెంగలి చేతి ముడి అది. అయిదు నెలలుగా విప్పలేదు. ఇప్పుడు పళ్లతో విప్పి, ఉప్పంతా గంజిలో కలిపి, చెంచా చెంచాగా సేనాపతి పెదవుల మధ్య పోశాడు.

ఘడియ గడవకముందే తుషారసింహుడు కళ్లు తెరిచాడు. నోట్లో ఉప్పదనం తగిలి ఆశ్చర్యంగా నాలుక చప్పరించాడు. తరువాత ఆయన చెయ్యి గొంతు దగ్గరికి వెళ్లింది.

"నా ఏడో ముడి ఏది?"

కళింజుడు ముందుకొచ్చి బెత్తంతో చూపించాడు. "వీడు కోశాడు ప్రభూ. కత్తితో కోశాడు. సాక్షులు మూడు వందల మంది."

"నిజమేనా?"

"నిజమే దొరా," అన్నాడు మైలారుడు. దాచడానికి ఇంకేమీ మిగలలేదనిపించింది. "నా పేరు పుల్లన కాదు. మైలారుణ్ణి. కొండవాణ్ణి కాదు, ఈ మడుల్లో ఉప్పు మోసేవాణ్ణి. మీకొచ్చింది చలి కాదు, వడదెబ్బ. గుండనకూ అదే వచ్చింది. నాకు తెలిసీ నోరు మూసుకున్నాను. ఆ పాపం నాదే."

సేనాపతి లేచి కూర్చున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు, దిగులుంది. "నా ప్రాణం నిలబెట్టావు. అది నేను మరిచిపోను. కాని నా తండ్రి ఈ శాసనం కింద తన సొంత తమ్ముడి తల తీశాడు. నాకు మేలు జరిగింది గదా అని నీ దగ్గర శాసనాన్ని పక్కన పెడితే, ఆ చిన్నాన్న తల ఎందుకు పోయినట్టు? కత్తి ఇవ్వండి."

"ప్రభూ, మీకు దండం పెడతా," అంటూ బిక్కన కాళ్ల మీద పడ్డాడు. సేనాపతి కత్తి అందుకున్నాడు.

మైలారుడు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తల వంచబోతూ, కళింజుడి నీడ పక్కన పడేసరికి, ఇందాక అందని తేడా ఇప్పుడు తటాలున అందింది.

"మెడ వంచుతా దొరా. దానికి ముందు ఒక్కసారి మీ సైనికుల వీపులు చూడండి. నల్ల అంగీల మీద చారలు చారలుగా తెల్లగా పూసింది కదా, అదేమిటో తెలుసా? ఉప్పు. ఒంట్లోని ఉప్పంతా చెమటలో బయటికొచ్చి ఆ తాళ్ల దగ్గర, కుట్ల దగ్గర పేరుకుంది. ఉప్పు మోసినవాణ్ణి, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మూడు రోజులు నడిచిన ప్రతివాడి వీపు మీదా ఉంది. మీ అంగీ మీదా ఉంది. ఇక వస్త్రపాలకుల వారి వీపు చూడండి."

అందరి కళ్లూ అటు తిరిగాయి. కళింజుడి అంగీ కాటుకలా నల్లగా, పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు నిగనిగలాడుతోంది.

"మూడు రోజుల్లో ఒక్క చెమటచుక్క పట్టని మనిషి ఎవరండీ ఈయన?"

సేనాపతి కత్తి చేత్తో పట్టుకునే లేచాడు. నాలుగు అడుగులు తూలుతూ నడిచి కళింజుడి గొంతు పట్టుకున్నాడు. "ముద్ర వేసిన చేతికి పరీక్షించే హక్కూ ఉంది," అంటూ లక్కను బొటనవేలితో పగలగొట్టి ముడి లాగాడు.

అంగీ తెరుచుకోగానే చల్లటి పొగ గుప్పున కొట్టింది. కళింజుడి రొమ్ము మీద, గుప్పెడంత నీలిరాయి ఒకటి మంచు కక్కుతూ వేలాడుతోంది. ఆ చల్లదనంలో తను హాయిగా నడుస్తూ, మిగతా అందరినీ శాసనం పేరు చెప్పి వాళ్ల అంగీల్లోనే ఉడికిస్తున్నాడు! లవణదంష్ట్రుడికి కత్తి దూసే శ్రమ కూడా లేకుండా, సైన్యాన్ని దాని అంగీతోనే చంపడానికి వచ్చిన శిష్యుడు వాడు.

"పట్టుకోండి!" అని సేనాపతి అరిచేలోగా కళింజుడు ఎగిరి అవతల వాలాడు. వాడి మనిషి రూపు కరిగిపోతోంది. కనుగుడ్లు తెల్లబడ్డాయి, జుట్టు ఇసుకలా రాలుతోంది.

"శంఖానికి చిక్కకుండా మిగిలిన ఉప్పుమోతగాడివి నువ్వేనన్నమాట!" అని నవ్వాడు. "ఎండలో వీళ్లను చావనిచ్చి ఉంటే నీ పెళ్లాం ఇంకో నాలుగు రోజులు నిలిచేది గదరా. చల్లదనం కావాలన్నావు. ఇదిగో, తీసుకో!"

నీలిరాయిని పెరికి ఆకాశంలోకి విసిరాడు. అది పైకి పైకి పోయి, సూర్యబింబానికి ఎదురుగా చిట్లింది. మరుక్షణం కళింజుడు సుడిగాలై, ఇసుక రేపుకుంటూ కోట వైపు పారిపోయాడు.

రాయి చిట్లిన చోట మసిమరకలాంటి మబ్బు పుట్టింది. చూస్తుండగానే అది పడమటంతా పాకింది. మైదానం మీద చల్లగాలి తోలింది. మూడు రోజుల తరువాత మొదటి చల్లగాలి! సైనికులు వెర్రెత్తినట్టు కేకలేశారు. ఒకళ్లనొకళ్లు కావలించుకున్నారు. తుషారసింహుడు వరస మొదటికి వెళ్లి నిలబడ్డాడు.

"విజయపత్రం వచ్చేదాకా ఆగితే ముద్రలే మిగులుతాయి, మనుషులు మిగలరు. రండి, ఒక్కొక్కరే రండి. నేనే పగలగొడతాను. తల పోతే నాది పోతుంది."

టపటపమని లక్కముద్రలు పగిలాయి. అంగీలు కుప్పలుగా పడ్డాయి. నలభై ఏళ్లు నమ్మిన శాసనాన్ని తన చేత్తోనే పగలగొడుతున్న ఆ ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ అది చల్లగాలికేనేమో అనుకున్నారు.

బిక్కన తడి గాలికి ముఖం చాపి నవ్వుతూ తిరిగి చూస్తే, మైలారుడు నేల మీద కూలబడి మబ్బు వంక చూస్తున్నాడు. "ఏంట్రా, అందరూ బతికిపోతే నువ్వు ఏడుస్తావు?"

"చెంగలి అక్కడుందన్నా," అని కోట వైపు చూపించి, ఉన్నదంతా నాలుగు ముక్కల్లో చెప్పాడు. "ఇన్నాళ్లూ ఎండే దాన్ని కాపాడింది. ఇప్పుడు వాన పడుతుంది. అది నా కళ్ల ముందే కరిగిపోతుంది."

బిక్కన ఏం చెయ్యాలో తోచక, సేనాపతి అంగీ కాళ్లకడ్డంగా పడి ఉంటే తీసి పక్కన పడేశాడు. దాని మడతల్లో నిలిచిన నీళ్లు, ఇందాక మైలారుడు పోసినవే, జలజలా జారిపోయాయి. ఉన్ని పొడిగా ఉంది.

మైలారుడు ఆ అంగీ వంక చూశాడు. చప్పున లేచాడు.

"అన్నా! ఇందులోకి నీళ్లు ఇంకవు గదా! ఎన్ని రోజులు తడిసినా ఇంకవు గదా!"

"మంచుకొండల మేకకొవ్వురా అది. సముద్రంలో ముంచినా..." అనబోయి బిక్కన ఆగాడు. వాడికీ అర్థమైంది.

సేనాపతి విన్నాడు. మాటలు ఖర్చుపెట్టే మనిషి కాడు. "నలభై మంది అంగీలు, టోపీలు ఎత్తుకోండి. వీడి వెంట పరుగెత్తండి. మిగతావాళ్లు తలుపులు బద్దలుకొట్టే దూలంతో నా వెంట గట్టుదారిన రండి." అని తన అంగీని నేల మీంచి తీసి తనే మైలారుడి భుజాన వేశాడు. "అన్నిటికంటే ఇది పొడవు. నీ భార్యకు పాదాల దాకా వస్తుంది. నీ తల సంగతి కోట పడ్డాక మాట్లాడదాం."

పరుగు! ఎలాంటి పరుగు! వెనక గట్టుదారిన దూలం మోసే వాళ్ల హైలెస్సా కేకలు, ముందు ఉరుములు. ఉప్పుమడుల మీద అడుగు ఎక్కడ పడితే అక్కడ వేస్తే పాతాళమే. "తెల్లగా ఉన్నచోటే తొక్కండి! నీలంగా కనిపిస్తే కింద ఊబి!" అని అరుస్తూ మైలారుడు ముందు పరుగెత్తాడు. వెనక నలభై మంది వాడి అడుగులో అడుగు వేశారు. బిక్కన ఒకచోట తప్పి మోకాళ్ల దాకా దిగబడ్డాడు. అంగీ చెయ్యి అందించి ఇద్దరు లాగారు. చెప్పులు ఊబిలో పోయాయి. "పోనీలే, కొత్తవి కొనిస్తాడు లవణదంష్ట్రుడు," అంటూ వట్టి కాళ్లతోనే పరుగెత్తాడు.

కోటగోడ పక్కన బొమ్మలు కనిపించాయి. నలభై బొమ్మలు, పాలరాతివి కావు, ఉప్పువి. తలమీద బుట్ట దించుకోబోతూ ఆగిన మనిషి ఒకడు. గాడిదను అదిలించబోతూ చెయ్యెత్తిన ముసలమ్మ ఒకతె. అందరికంటే వెనగ్గా, కుంటిగాడిద కోసం వెళ్లిన భర్త వస్తున్నాడేమోనని కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టి, దారి వంక చూస్తూ నిలబడి ఉంది చెంగలి.

మైలారుడి చేతి మీద ఒక చినుకు పడింది.

"కప్పండి! ఒక్కొక్కరు ఒక్కొక్కరికి! టోపీ ముందు!"

సైనికులు మడుల మీద నలుదిక్కులా చెదిరారు. మైలారుడు చెంగలి నెత్తిన ఇనుప టోపీ పెట్టాడు. అంగీని భుజాల చుట్టూ తిప్పి చుట్టాడు. నడుము దగ్గర మొదటి ముడి వేశాడు. రెండోది. మూడోది. వాన టపటపమంటూ అందుకుంది. ఉన్ని మీద నుంచి నీళ్లు జారిపోతున్నాయి. వాడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అయిపోయింది చెంగలీ. అయిపోయింది, ఇంకాసేపే," అంటూ నాలుగోది, అయిదోది, ఆరోది వేసి, ఏడో ముడి కోసం తాడు తడుముకున్నాడు.

తాడు లేదు.

తన కత్తితో తనే మొదలంటా కోసి పారేశాడు. ఇంకెవరి అంగీ తెచ్చినా ఏడు తాళ్లూ ఉండేవి. తాడు లేనిది, మూడు వందల్లో ఇదొక్కటే.

గొంతు దగ్గర అంగీ నోరు తెరుచుకుని ఉంది. టోపీ అంచు నుంచి జారిన వాన నీరు సన్నటి ధారగా సరిగ్గా అక్కడే పడుతోంది. చెంగలి గొంతు మీద వేలి మందాన గాడి పడడం మైలారుడు కళ్లారా చూశాడు. రెండు చేతులతో అంగీ అంచులు దగ్గరికి లాగి, మూసి, గట్టిగా పట్టుకున్నాడు. అరచేతుల కింద ఉప్పు రవ్వలు తడితడిగా తగిలాయి. ధార ఆగింది. చేతులు తీస్తే మళ్లీ మొదలవుతుంది.

"బిక్కనా! తాడు! ఏదైనా తాడు!" అని అరిచాడు. వాన హోరులో వాడి కేక ఎవరికీ అందలేదు.

అప్పుడు వెనక, కోట దిడ్డితలుపు కిర్రుమని తెరుచుకుంది. నీళ్లలో అడుగుల చప్పుడు. తొందరపడని అడుగులు. ఒర నుంచి కత్తి జారిన చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. మైలారుడి కత్తి మొలలోనే ఉంది. దాన్ని అందుకోవాలంటే ఒక చెయ్యి తీయాలి.

అడుగులు వాడి వీపు వెనకే వచ్చి ఆగాయి.

మైలారుడు వెనక్కి తిరగలేదు. ఏడో ముడి ఉండవలసిన చోట రెండు చేతులూ ఇంకా గట్టిగా బిగించాడు.